గణుపు దగ్గర

జొంజు ఊళ్ళో, కాగితాల దుకాణం మేడ మీద
మంగళవారాలు నేను సిరాబొమ్మలు నేర్పుతాను.
నలుగురు పెద్దమనుషులని మొదలుపెడతాను ఎప్పుడూ.
మంచు కరగక ముందే తొందరపడి పూసే మేహ్వా,
చూసేవాళ్ళు లేని లోయలో పరిమళించే ఆర్కిడ్,
అన్ని పూలూ వెళ్ళిపోయాక వచ్చే చామంతి.
ఇక వెదురు.
లోపల ఖాళీ, అంటే అహం లేదు.
విరుగుతుంది గాని వంగదు.

వెనక బల్ల దగ్గర ఒక్‌బున్ అవ్వ,
డెబ్భై మూడేళ్ళు, ఊదారంగు స్వెట్టరు, పక్కన మందుల సంచి,
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"వంగదా?"

దమ్యాంగ్‌లో నలభై ఏళ్ళు బుట్టలల్లిన మనిషి.
బద్దని పళ్ళ మధ్య బిగబట్టి
పైపొర ఒలిచి ఒలిచి
ముందుపళ్ళు రెండూ పాత చేటంచులా అరిగిపోయాయి.
"మొక్కైనా మానైనా సెగ చూపించాలి గురువుగారూ.
తొందరపడితే చిట్లుతుంది, ఆలస్యమైతే మాడుతుంది.
ఒక వాసన వస్తుంది, కమ్మగా,
గంజి పొంగబోయే ముందు వాసన.
అప్పుడు వంచాలి. ఏమీ అనదు."

కాసేపాగి మళ్ళీ అడిగింది:
"మీ పెద్దమనిషి ఎప్పుడైనా
ఎవరింటికైనా బియ్యం మోశాడా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాననే అనుకుంటాను.
కుంచెలు తీయమన్నాను.

అవ్వకి ఆకులు రావు.
తడిసిన కోడి ఈకల్లా ఒకదానిమీద ఒకటి పడతాయి.
కాని ఆ కాండం!
కింద నుంచి పైకి తోస్తూ తోస్తూ
గణుపు రాగానే చెయ్యి ఆగుతుంది,
నేను చెప్పక ముందే,
కత్తికి అక్కడేదో తగిలినట్టు.
ఊపిరంత తెల్లకాగితం వదిలి
మళ్ళీ కదులుతుంది.
ఆ ఆగడం నేర్చుకోడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

వెళ్తూ వెళ్తూ నా కుంచె చేతిలోకి తీసుకుంది.
బొచ్చుకేసి చూడనైనా లేదు.
పిడిని గోటితో మీటి, ముక్కు దగ్గర పెట్టుకుని
"రెండేళ్ళది. పాపం, ఇంకో ఏడు ఉంచాల్సింది.
చలికి పగులుతుంది" అంది.

ఇన్నేళ్ళూ వెదురు పట్టుకునే
వెదురు గురించి మాట్లాడానన్నమాట.

జనవరిలో పగిలింది, వెంట్రుక వాసి.
దారం చుట్టాను. కొత్తది కొనలేదు.
అవ్వ ఈమధ్య రావడం లేదు. మోకాళ్ళు, ఈ మెట్లు.
పాఠం మాత్రం అదే చెబుతున్నాను,
లోపల ఖాళీ, చలికాలంలోనూ పచ్చదనం.
"వంగదు" దగ్గరికి వచ్చేసరికి
చీలిక వేలి చర్మాన్ని చిన్నగా పట్టుకుంటుంది.
ఆగుతాను.

పిల్లలు అది గణుపనుకుని
కాగితం మీద కాస్త చోటు వదులుతారు.