నలభై నిమిషాలు

ఏర్‌పోర్టుల జమిడికను బోర్లించి తట్టిన్రు.
కడుపుల దాచిన పసుపు
తెల్లటి బల్ల మీద కుప్పగ పడ్డది.
వేపమండ అంతకుముందే పోయింది, చెత్తబుట్టలకు.
ఓదెలు మామ ఏమనలేదు.
తీగను ఒక్కసారి మీటి చూసుకున్నడు,
బిడ్డ నొసలు ముట్టి జ్వరం చూసినట్టు.

సిరొంచల మాకు గడియారం లేదు.
ప్రాణహిత దాటి వచ్చినోళ్ళు
ఎల్లమ్మ పట్నం ముంగట కూసుంటే
అమ్మ వచ్చేదాక కొట్టుడే,
పోయేదాక కొట్టుడే.
రోటర్‌డ్యామ్‌ల కాయితం మీద రాసిచ్చిన్రు:
నలభై నిమిషాలు.
"అమ్మకెట్ల చెప్తవ్ రా ఈ ముచ్చట?"
నేను తాళాలు తుడుచుకుంట కూసున్న.

పక్క గదిల మొరాకో పెద్దమనిషి,
గ్నావా గురువట. ఒళ్ళె మూడు తీగల గుంబ్రీ.
గాలిల మూపురం గీసి, తోలు తట్టి చూపిండు: ఒంటె.
మామ నెత్తి మీద రెండు వేళ్ళు పెట్టుకొని
"మ్యా" అన్నడు.
ఇద్దరు పగలబడి నవ్విన్రు. అంతే మాటలు.

ఇరవై ఆరో నిమిషంల
మూడో వరుసల ఒక ముసలామె లేచింది.
బూడిదరంగు కోటు, మెడల ముత్యాలు.
తల తిరుగుతున్నది, ఎడమకు, ఎడమకే,
జడపిన్ను ఎగిరి ఎవరి ఒళ్ళెనో పడ్డది.
ఆటల భాగమనుకొని జనం చప్పట్లు.
మామ చెయ్యి ఆగింది.
"పిలిచినోడే సాగనంపాలె"
అని, జమిడిక చంకల పెట్టుకొని
ఉత్తకాళ్ళతోని మెట్లు దిగిండు.

పసుపు లేదు. వేప లేదు.
ఖాళీ చెయ్యి వెనక్కి చాపితే
ఏ మూల నుంచి ఉరికొచ్చిండో ఆ గ్నావా పెద్దమనిషి
ఒక సీసా పెట్టిండు ఆ చేతిల.
నారింజ పూల నీళ్ళు.
వాళ్ళకు గూడ దించుడు ఉన్నదన్నమాట.

మొఖం మీద చల్లి, చెవిల అడిగిండు
మా తాతలు అడిగినట్టే:
"ఎవరవు తల్లీ నువ్వు?"
ఆమె తన భాషల ఏదో పేరు చెప్పింది.
మామకు తెలిసిందో లేదో నేను చెప్పలేను.
"మంచిది. కడుపు నిండిందా? పోయి రా" అన్నడు.
ఆమె కుర్చీల కూలబడి
కోటు గుండీలు పెట్టుకుంట ఏడ్చింది.

ఆ వీడియో ఇప్పుడు మా వాడల అందరి ఫోన్లల్ల ఉన్నది.
కెమెరా మాత్రం మామ వెంట దిగలేదు.
ఉత్త స్టేజీ, మైకు, నేను,
తాళాలు పట్టుకొని,
కొట్టాల్నో వద్దో తెలువక.
మామ ఎప్పుడూ ఆ ముక్కనే పెట్టమంటడు.
"ఊకున్నవ్ చూడు," అంటడు చుట్ట ముట్టించుకుంట,
"గది మంచిగ చేసినవ్ రా."