మూడో భాగం వచ్చిందా

గురువారం మధ్యాహ్నం మూడింటికి
మూతపడ్డ సహకార దుకాణం వెనక
నా పుస్తకాల వ్యాను ఆపుతాను.
ఈ వేల్స్ కొండల్లో వాన ఆగిందంటే
ఊపిరి పీల్చుకోవడానికే.
పలకరాయి గుట్టలు తడిసి
ఏనుగుల మందలా పడుకుని ఉంటాయి.

టెగ్వెన్ వస్తుంది.
పదహారేళ్లు. చేపల వేపుడు కొట్టులో పని,
చేతులకు నూనె వాసన.
"మూడో భాగం వచ్చిందా?"
పలకరింపు లేదు, ఏమీ లేదు.

అట్ట మీద ఎప్పుడూ ఒకటే బొమ్మ:
నేల ఊడ్చే గౌను, విరిగిన కిరీటం, వెనకాల పొగ.
లోపలా ఒకటే కథ:
ప్రపంచం ఎప్పుడో కాలిపోయింది.
మిగిలిన జనానికి నెంబర్లు, రేషన్ కార్డులు,
చుట్టూ ముళ్లకంచె, మధ్యలో కోట,
కోటలో నిద్ర పట్టని కుర్రాడు.
అట్టడుగు వాడ పిల్ల ఒకతె
వాణ్ణి చంపడానికి బయల్దేరి
వాడి చొక్కా గుండీల దాకా వచ్చి ఆగిపోతుంది.

నేను నవ్వాను ఒకసారి.
"రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా?
ఆ దెబ్బలు తిన్న పిల్లకి
వాడితో నాట్యం ఏంటి?" అన్నాను.
టెగ్వెన్ నవ్వలేదు.
ప్రపంచం కాలిపోయిందన్న సంగతి
ఇక్కడి పిల్లలకు కొత్త కాదు.
కాలిపోయాక కూడా ఎవరో ఒకరు
అద్దం ముందు జుట్టు దువ్వుకుంటారన్నదే కొత్త.

తిరిగొచ్చిన పుస్తకాలు తిరగేసి చూస్తుంటాను,
ఉద్యోగంలో లేని పని.
ఎక్కడ టీ చుక్క పడింది,
ఏ పేజీ మూల మడిచి ఉంది.
ముద్దు పెట్టుకున్న పేజీ అనుకుంటారు మీరు.
కాదు.
ఆమె గది తలుపు బయట నిలబడి రాజకుమారుడు
"లోపలికి రావచ్చా?" అని అడిగిన పేజీ.
ఎంతమంది మడిచారో ఆ మూల,
కాగితం పాతగుడ్డలా మెత్తబడింది.

టెగ్వెన్ ఇంట్లోకి
మీటరు మనిషి అడక్కుండానే వస్తాడు,
అప్పులవాడు, కౌన్సిల్ ఆవిడ,
గోడల్లోంచి తేమ.
అమ్మకి వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ.
మీటర్లో వేసిన డబ్బు అయిపోతే
ఫోను వెలుతురులో విందు సన్నివేశం చదువుతుంది,
ఏడు రకాల రొట్టెలు,
అన్నిటి పేర్లూ రెండేసి సార్లు.

"ఎవర్ని చేసుకుంటుంది చివరికి,
కోటలో వాణ్ణా, వాడలో నేస్తాన్నా?"
భుజాలెగరేసింది.
"ఎవర్నైనా చేసుకోనీ.
ఆ పిల్ల ఏమంటుందో అని
చివరి పేజీ దాకా దేశమంతా ఆగుతుంది కదా, అదీ.
మా ఊళ్లో ఎంచుకోడానికి
రెండు బస్సులు కూడా లేవు."

నాకు మాట రాలేదు.
వ్యాను హీటరు మాత్రం ఏదో గొణిగింది.

ఎమ్రిస్ గారని ఒక పెద్దాయన,
గని మూసేదాకా పలకరాయి చీల్చినవాడు.
"దొరల మేడలన్నిటికీ కప్పులు మా రాయే,
ఒక్కడూ తలెత్తి చూడలేదు" అంటాడు.
ఆలస్యం జరిమానా కట్టేటప్పుడు
నాణెం మీది రాజు తలని బోర్లా పెడతాడు.
కళ్లజోడు మర్చిపోయో ఏమో
పోయిన నెల మొదటి భాగం పట్టుకెళ్లాడు.

ఈ గురువారం తెచ్చిచ్చాడు.
"పనికిమాలిన పుస్తకం.
వంటింటి పనివాళ్లంతా ఒక్కటైతే
మూడో అధ్యాయంలోనే కోట కూలేది.
ఆ పిల్లేమో కిటికీ దగ్గర నిలబడి
వెన్నెల చూస్తోంది!"
చాలాసేపు తిట్టాడు.
మనిషి మాత్రం మెట్టు దిగలేదు.

టోపీ మీది వాన దులిపి,
మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి,
"ఆ కుర్రాడికి నిజంగానే నిద్ర పట్టదా?" అన్నాడు.

రెండో భాగం టెగ్వెన్ దగ్గరుంది,
కొట్టు దాకా వెళ్లి అడగమన్నాను.
వ్యాను అద్దంలో కనిపించాడు కాసేపు,
మోకాళ్ల నొప్పి మనిషి,
వానలో, కొంచెం తొందరగానే.