చాకలి పద్దు

స్క్వాడ్రన్ చరిత్ర అడిగితే
ఎనిడ్ బ్రాకిల్స్‌బీ పుస్తకాల బీరువా వైపు చూడలేదు.
వంటింట్లో పిండిడబ్బా వెనకనుంచి
మూడు పద్దు పుస్తకాలు తీసి బల్లమీద పెట్టింది.
పైదాని అట్టమీద ఇంకా నీలిమందు మరక.

వారానికి రెండుసార్లు ఆమె రక్తపోటు చూడ్డానికి వెళ్తాను.
లింకన్‌షైర్‌లో, సముద్రపు గాలి
ఆరేసిన బట్టల్ని దండెంతో సహా లాక్కెళ్ళే ఊరు.
ఒక చర్చి, ఒక పబ్బు, చక్కెరదుంప చేలు.
చేల మధ్య ఎక్కడికీ వెళ్ళని కాంక్రీటు దారి,
అదే రన్‌వే.

మా భాషలో చాకలి పద్దంటే వెటకారం.
పసలేని జాబితాని తీసిపారెయ్యడానికి వాడతాం.
ఇకమీదట ఆలోచించి వాడాలి.

మొదటి పుస్తకం నాయనమ్మ కెజాయాది.
పందొమ్మిది వందల పదిహేడు.
చెక్కతో, గుడ్డతో కట్టిన విమానాలు.
వాటి ఇంజన్లు ఆముదం తాగి
దాన్నే కుర్రాళ్ళ మొహాన ఉమ్మేవి.
“చొక్కాలు ఆరు. ఆముదం. రెండుసార్లు ఉడకబెట్టాను. పోలేదు.”
ఆముదం! నవ్వొచ్చింది నాకు.
మా అమ్మ నా తలకి పట్టించి చిక్కులు తీసిన ఆముదమే
ఈ ఊరి ఆకాశంలో కాలిందన్నమాట.
ఏ మెట్టచేను గింజో, ఏ ఓడెక్కి వచ్చిందో
పద్దులో లేదు.
దాని పొగ మింగినవాళ్ళకి కడుపు కదిలిపోయేదని మాత్రం ఉంది,
లోదుస్తుల లెక్కలో, మర్యాదగా.

యుద్ధం ఆగింది. స్క్వాడ్రన్ రద్దయింది.
ఆ తేదీ కింద: “ఇవాళ ఏమీ రాలేదు.”
తర్వాత పద్దెనిమిదేళ్ళు
అదే పుస్తకంలో కోడిగుడ్ల లెక్క.

రెండోది ఎనిడ్ తల్లి హెస్టర్‌ది.
నలభయ్యో సంవత్సరం ఆగస్టులో
అక్షరాలు పరుగెడుతున్నాయి.
ఎవరు ఎన్నిసార్లు పైకి వెళ్ళారో
కాలరు చూసి చెప్పేదట ఆవిడ.
వెనక ఎవరున్నారోనని మెడ తిప్పీ తిప్పీ
లోపలివైపు అరిగిపోయేది.
కొత్తవాడి కాలరు అరగదు.
అరగని కాలర్లే ఎక్కువ మిగిలిపోయాయి ఆమె దగ్గర.

“ట్రెగెన్జా, సార్జెంటు. చొక్కాలు మూడు,
పట్టు రుమాలు ఒకటి. బాకీ ఒకటిన్నర షిల్లింగు.”
ఆ వరసమీద కొట్టివేత లేదు.
ఆఫీసరొకడు వచ్చి అందరి బాకీలూ తానిస్తానన్నాడట.
హెస్టర్ తీసుకోలేదు.
“చెల్లిపోతే పద్దు మూసెయ్యాలి కదా” అందట.
చొక్కాలు ఇస్త్రీ చేసి, మడిచి, పేర్లు కుట్టి ఉంచింది.
మరుసటేడు క్రిస్మస్‌కి ఒకడు నిజంగానే వచ్చాడు.
లాంగ్రిష్. చేతికర్ర, మొహం సగం కొత్త చర్మం.
చొక్కా తొడుక్కుని చూశాడు, వదులైంది.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు.
పుస్తకం మొత్తంలో హెస్టర్ ఒక్కచోటే
ఎర్రసిరా వాడింది.

మూడోది ఎనిడ్‌ది. పల్చటిది.
జెట్లొచ్చాయి, కిరసనాయిలు వాసనొచ్చింది,
కప్పుమీద పెంకులు కదిలాయి,
నైలాను, ఆ వెనకే బేస్‌లోకి బట్టలుతికే మిషన్లు.
ఆఖరి పేజీలో బల్లగుడ్డలు రెండు, వీడ్కోలు విందువి.
ద్రాక్షసారా మరకలు. పోయాయి.

ఇప్పుడు స్క్వాడ్రన్ అంటే
చర్చిలో అందనంత ఎత్తున వేలాడే పట్టుజెండా.
దుమ్ము, గబ్బిలాల రెట్ట.
దించి ఇవ్వమని ఇరవయ్యేళ్ళుగా అడుగుతోంది ఎనిడ్,
చన్నీళ్ళు, మెత్తటి సబ్బు, ఒక్క పూట పని.
కుదరదంటారు పాదిరిగారు.
ఒకసారి చర్చికి అప్పగించాక
ఉతకరాదు, కుట్టరాదు,
పోగు పోగుగా దానంతటదే రాలిపోవాలి.
సంప్రదాయం.

“సంప్రదాయమట” అంది ఎనిడ్,
నా యూనిఫాం చేతిమీద టీ మరకని
తెలియకుండానే గోటితో గీకుతూ.
“ఉప్పు వెయ్యి, ఇప్పుడే.
ఆరిందంటే ఇంక పోదు.”