హారం

ఆదివారం తెల్లారగట్ల గుంటూరు స్టేషన్లో
విజయవాడ పాసింజరెక్కి
నంబూరు దాటేదాకా చదువుతాను.
మంగళగిరి వచ్చేసరికి నిద్ర.
కృష్ణ మీదికి రాగానే రైలు చప్పుడు మారుతుంది గదా,
అదే నాకు అలారం.

నలభై మూడేళ్ళు. ఏఎన్నెమ్‌ని.
ఆరు రోజులు టీకాలు, బీపీలు, ట్యాబులో ఫొటోలు,
యాప్ తిరగని రోజున తిట్లు.
ఏడో రోజు పబ్లిక్ హెల్త్‌లో పీజీ.
"ఈ వయసులో ఇది ప్రమోషనా, పిచ్చా?" అన్నాడు మా ఆయన
నైట్ డ్యూటీ దిగి, ఒంటి నిండా డీజిల్ వాసనతో.
అంటూనే బాక్సులో పెరుగన్నం సర్దాడు.
ఊరగాయ మర్చిపోయాడు.

క్లాసులో నా పక్కన బాజీవలి,
నూట ఎనిమిది బండి మీద పనిచేస్తాడు,
ఎవరి ఫోను మోగినా లేచి నిలబడిపోతాడు.
ముందు బెంచీలో పళ్ళ డాక్టరు.
వెనకాల శానిటరీ ఇన్‌స్పెక్టరు,
చెప్పులకి సైడుకాల్వ బురద, నోట్సులో ముత్యాలు.

పద్మలోచన మేడం బోర్డు మీద ఒక అడ్డగీత గీసింది.
పైన లవం. కింద హారం.
"పైది అందరూ చెబుతారు. కింద ఏముందో అడగండి.
హారం లేని లెక్క వట్టి పుకారు."

చెయ్యెత్తాను.
మా ఏరియా గోడౌన్లలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు,
మూడు నెలల్లో అరవై ఒక్కరికి దగ్గు,
నా రిజిస్టర్లో ఉంది మేడం.
"ఎంతమందిలో?"
కూచున్నాను.

హారమంటే అప్పటిదాకా
పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే
పూలకొట్టుకి పరిగెత్తి తెచ్చేదే అనుకున్నాను.

షావుకారు పుస్తకంలో టిక్కీలున్నాయి, కిలోలున్నాయి,
మనుషుల్లేరు.
మేస్త్రీని అడిగితే "ఓ యాభై, అరవై, సీజన్ని బట్టి."
లేబరాఫీసులో ఫైలు వెతుకుతామన్నారు,
వెతుకుతున్నారు.

అందుకని ఫిబ్రవరి చలిలో, డ్యూటీకి ముందు,
గోడౌను గేటు పక్కన నిలబడ్డాను.
నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత, ఒక కట్ట.
ఆటోల్లోంచి దిగుతున్నారు
ముక్కుకి తువ్వాళ్ళు బిగించి, కళ్ళు మాత్రమే కనబడేట్టు.
"ఏందమ్మో, గొర్రెల్ని లెక్కేసినట్టు లెక్కేత్తన్నావు?"
"ఓట్లా? పథకమా?"
చదువుకుంటన్నా, అన్నాను.
నవ్వారు. నవ్వు కాస్తా దగ్గయింది,
వరస వరసంతా పాకింది.
ఏసుమణి గుండె మీద చెయ్యేసుకుని, కళ్ళు తుడుచుకుని
"పొలమారిందిలే, ఎవరో తలుచుకుంటన్నారు" అంది.
"ఎవరే?"
"మన కారం తినే చైనావోడు!"
"పొద్దస్తమానమూనా?"
మళ్ళీ నవ్వు. మళ్ళీ దగ్గు.
నా గీత ఒకటి వంకర పోయింది.

పదకొండు గోడౌన్లు, పదకొండు తెల్లవారుజాములు.
మూడొందల పద్ధెనిమిది.
అందులో ఇద్దరికి పన్నెండేళ్ళు కూడా లేవు.
వాళ్ళసలు లేరన్నాడు మేస్త్రీ.
వాళ్ళు నా ఎదురుగానే నిలబడి
ఒకే బన్నుని చెరిసగం తింటున్నారు.
వేశాను.

మొన్న ఆదివారం మేడం బోర్డు దగ్గరికి పిలిచింది.
అరవై ఒకటి. అడ్డగీత.
కింద ఆ అంకె వేస్తుంటే చెయ్యి కొంచెం వణికింది.
ఐదుగురిలో ఒకరు, అన్నాడు వెనకనించి ఇన్‌స్పెక్టరు, మెల్లిగా.
ఎవరూ ఏమీ రాసుకోలేదు కాసేపు.

సుద్దపొడి గొంతులోకి పోయి దగ్గొచ్చింది నాకు.
బాజీవలి నీళ్ళసీసా అందించాడు.
"పొలమారిందా అక్కా? ఎవరో తలుచుకుంటున్నారు."

ఎవరో కాదు, అన్నాను నీళ్ళు మింగి.
ఎంతమందో తెలుసు.