ఒక బిళ్ళకు ఒక చక్రం

ఓబులేసూ, ముందు ఆ చేతికడియం తీసి మేకుకు తగిలించు.
తువ్వాలు కొస లోపలికి దోపుకో.
ఎవురు మనోళ్లో
మోటారు గుర్తుపెట్టుకోదు.

దీన్ని సబ్బంటారు గానీ
కడిగేది కాదు, కొరికేది.
నల్లబిళ్ళ గరుకు. తుప్పుకీ, ఆకురాయి గీతలకీ.
తిరిగే నారచక్రానికి ఊరికే తాకించు, చాలు.
సంకట్లో నెయ్యి మాదిరి దండిగా పెట్టినావంటే
బంక కట్టి ఇనుము మీద చారలు తేలతాయి.
పచ్చబిళ్ళ ఆఖర్న, స్టీలుకు,
మంగలి రామాంజి తన మీసం తాను చూసుకునేంత అద్దం కావాలంటే.
ఎర్రబిళ్ళ ముట్టద్దు.
అది పౌడరు డబ్బాలో వేరేగా ఉండాది.
పీర్ల పండగ ముందర సావిడి నుంచి వెండి వచ్చినప్పుడే
దాని మూత తీసేది.

నల్లది తిన్న చక్రానికి పచ్చది పూసినావా
రెండూ చెడినట్లే.
ఒక్క నల్లరవ్వ మిగిలినా
అద్దం మీద గోరు గీసినట్టు.
ఒక బిళ్ళకు ఒక చక్రం.
ఇది మా నాయన చెప్పింది కాదు,
పామిడి పెండ్లివంటోళ్లవి
నేను చెడగొట్టిన పన్నెండు కత్తులు చెప్పినాయి.

అంచు కిందికి ఉండల్ల.
చక్రం పోయే దోవలోనే అదీ పోవల్ల.
ఎదురు పెడితే లాక్కుంటాది.
లాక్కున్నది యాడ పడతాదో
ఆ తలుపుచెక్కలో గాటునడుగు.

పిడి సంగతి వేరే.
చింతచెక్క నల్లది, ఏం పూసినా దాచుకుంటాది.
వేపపిడికి మాత్రం తెల్లబిళ్ళే, అదీ కొంచెం.
నల్లది తగిలితే మసి సన్నబొక్కల్లోకి దిగి కూచుంటాది,
పిలిచినా రాదు.
బర్రెకొమ్ము పట్టినప్పుడు
కాలిన వెంట్రుకల వాసనొచ్చిందా, తీసెయ్.
నీ వేలికి వేడైతే కత్తికీ వేడే. బకెట్లో ముంచు.
ఒకసారి నీలం తిరిగినాక
మెరుస్తాది గానీ
ఎర్రగడ్డ కూడా దాని మాట వినదు.

నిన్న పొద్దుగూకినాక ఒకాయన వచ్చినాడు.
ఊరు చెప్పలేదు, నేనడగలేదు.
గోనెపట్టలో వాళ్ల తాత కొడవలి.
"కొత్తింట్లో గోడకు తగిలిస్తాం మాబున్నక్కా,
అద్దం మాదిరి ఉండల్ల."
మూడు బిళ్ళలు, మూడు చక్రాలు మారినాక
గుత్తి రోడ్డున పోయే లారీల లైట్లన్నీ
దాంట్లో పోతాండాయి.
అంచు పక్కన ఒక గుంట మాత్రం నిలబడింది,
కందిగింజంత, నల్లగా.
"అది పోదా?"
"పోతాది. గుంట లోతుకు
చుట్టూ ఉండే ఇనుమంతా అరగదీయల్ల.
అప్పుడు గోడకు తగిలించేకి కొడవలి మిగలదు" అంటి.
చానాసేపు చూసినాడు.
"దేనిదో అది?"
తుప్పుదే, అంటి.
నా అంగట్లో దానికి ఉండే పేరు అదొక్కటే.

మూడు నూర్లిచ్చి, చిల్లర మరిచిపోయి,
మెట్టు దిగతా తిరిగి అడిగినాడు: "పదునుందా?"
లేదు. మెరుపు కోసం తిరిగే చక్రం
అంచును గుండ్రం చేస్తాది.
మెరుపు ఒక పని, పదును ఇంకో పని.
ఆ మాటకు ఆయన మొగం
ఎందుకో తేలికపడింది.

సరే, చాలీరోజుకు. స్విచ్చాపు.
ఆగాగు, చెయ్యి పెట్టద్దు రా!
ఆపినాక కూడా అది
చానాసేపు తిరుగుతాది.