అట్ట మీద మచ్చలు

ఓడోమీటరు మూడు లక్షల ఎనభై ఏడు వేల దగ్గర
ఎప్పుడో అలిగి కూర్చుంది.
అప్పటినుంచి నా ఆడి కారు వయసు
ఆవుకి పళ్ళు పట్టి చూసినట్టే చూడాలి:
పెడలు రబ్బరు అరుగుదల, స్టీరింగు నున్నదనం,
తలుపు వేస్తే వచ్చే పొడిదగ్గు.

నేను పశువుల డాక్టర్ని. ఊరు నరీన్.
చలికాలం ఇక్కడ ఉమ్మి
నేల చేరేలోపే గడ్డకడుతుందంటారు.
నేను ఉమ్మి చూడలేదు.

బిష్కెక్ బజారులో కొన్ననాడు
ఇంజను పొయ్యి పక్క పిల్లిలా గుర్రుపెట్టింది.
ఎంత నెమ్మదో అని మురిసిపోయాను.
మొదటి మంచు పొద్దున బయటపడింది గుట్టు.
అమ్మినవాడు ముదురుపాకం లాంటి నూనె పోసి
అరిగిన ముక్కలన్నిటి నోళ్ళూ మూయించాడు.
తాళం తిప్పితే ఒక్క మూలుగు, అంతే.
పొయ్యిలో నిప్పులు రేకు మీద ఎత్తుకొచ్చి
కారు పొట్ట కింద పెట్టాను.
పొదుగు వాపుకి కాపడం పెట్టే చేతులే ఇవీ.
చప్పుడు తగ్గితే రోగం తగ్గినట్టు కాదని
ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో అందరికీ చెబుతున్నదాన్ని నేనే.

కుబానిచ్ కొట్టు ఒక పాత కంటైనరు.
"ఎజే," అంటాడు, వాళ్ళకీ నాకూ అది అక్క అన్నమాట,
"ఐదు డబ్ల్యూ నలభై తీసుకో, పూర్తి సింథటిక్.
ముందరి అంకె చలిది, వెనకది వేడిది.
ముందరిది ఎంత చిన్నదైతే
తెల్లారి అంత తొందరగా లేస్తుంది."
మూత సీలు గోటితో గీకి చూశాను.
టీకా సీసాకీ ఇదే పరీక్ష.
"నన్నే అనుమానిస్తావా" అన్నాడు.
"నిన్ను కాదు, నీకు అమ్మినవాణ్ణి" అన్నాను.

కొత్త నూనె మరీ నిక్కచ్చి మనిషి.
లోపలి పాత మురికంతా కడిగేసింది.
మురికినే ఆనుకుని నిలబడ్డ సీళ్ళు
ఒక్కొక్కటే చెమర్చడం మొదలెట్టాయి.

అప్పుడు పరిచాను కారు కింద అట్ట.
పొద్దున్నే టీ గ్లాసుతో వంగి చదువుతాను.
బొత్తామంత నల్లమచ్చ అయితే మామూలే.
పచ్చగా జిగటగా ఉంటే రేడియేటరు.
ఎర్రగా ఉంటే చదవడం ఆపి
కుబానిచ్‌కి ఫోను.

ఆ పైన రాజీ కుదిరింది.
చలికి అదే ఐదు, వేసవికి సగం సింథటిక్ పది.
గ్యారేజీ తలుపు మీద సుద్దగీతలు:
అట్‌బాషీ పోయొస్తే ఒక గీత.
పది గీతలకి అర లీటరు తాగుతుంది.
డెబ్బై గీతలకి ఫిల్టరు.
వాన జల్లు కొట్టి మూడు గీతలు పోయాయి ఒకసారి,
వాటిని ఊహించి మళ్ళీ గీశాను,
నాలుగు గీశానేమో కూడా.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఓర్మోన్ ఫోను.
దూడ అడ్డం తిరిగింది.
కిజిల్-బెల్ ఎక్కుతుంటే
ఎర్ర దీపం ఒకసారి మిటకరించింది.
అక్కడ నిమిషం అంటే ఏమిటో నాకు తెలుసు.
అయినా ఇంజను ఆపి ఐదు నిమిషాలు కూర్చున్నాను.
నూనె దిగాలి కదా కిందికి,
తొందరపడితే కడ్డీ అబద్ధం చెబుతుంది.
మఫ్లరు కొసతో తుడిచి, ముంచి, టార్చి వేస్తే
కింది గీతకి ఇంకా కింద
వేలి వెడల్పు తడి.
మందు పట్టించే సీసాతో అర లీటరు పోశాను,
గాలికి సగం చేతి మీదే పోయింది.
ఆ నూనె చేతుల్ని మంచుతో రుద్ది,
ఓర్మోన్ ఇంట్లో మళ్ళీ వేణ్ణీళ్ళతో రుద్ది
మోచేతి దాకా దూర్చాను.

దూడ బతికింది.
తల్లి సంగతి తెల్లారేదాకా చెప్పలేకపోయాను.

ఫీజుకి డబ్బు లేదని ఓర్మోన్
పేరూ ఊరూ లేని నూనె డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు.
మంచిదే, మా బావ ట్రాక్టరుకి వాడేవాడు అన్నాడు.
వద్దంటే నొచ్చుకుంటాడు.
ఇంజనులో పోస్తే నేను నొచ్చుకుంటాను.

గేటు బందులకి పట్టించాను.
ఇప్పుడు గేటు కిర్రుమనదు.
మా కుక్క మాత్రం వంతెన మలుపు దగ్గరే
ఆ పొడిదగ్గు గుర్తుపట్టి లేస్తుంది.