పట్టీ

ముఖాలు నాకు ఆలస్యంగా గుర్తొస్తాయి.
ముందు చీలమండలు.
ఇరవై రెండేళ్ళుగా ఈ కాలేజీ జిమ్ అడుగు గదిలో
తెల్ల టేపు చుట్ట పట్టుకుని
ఎవడి ఎముక ఎటు వాలుతుందో వేళ్ళతో చదువుకున్నదాన్ని.
నన్ను డోటీ అంటారు. పేరులో మిగతాది ఎవరికీ అక్కర్లేదు.

మే నెలాఖరు. వాబాష్ నది బురదరంగులో ఉబ్బి ఉంది.
పిల్లలంతా పరీక్షలు రాసి వెళ్ళిపోయారు,
వీళ్ళు ముగ్గురు తప్ప.
డ్రాఫ్ట్ జాబితాలోంచి పేరు వెనక్కి తీసుకోవాలంటే
ఇవాళ అర్ధరాత్రి దాకానే గడువు.

పిలిచేది అరవై పేర్లు.
ఆ అరవైలో చోటుకి
సముద్రాల అవతలి కుర్రాళ్ళూ వరసలో ఉన్నారు.
కేల్ ఓస్టర్‌మన్ కాగితం మీద లెక్క వేశాడు,
జాస్పర్‌లో వాళ్ళ నాన్న కోళ్ళ దాణా లెక్క వేసినట్టే.
"నేను ఎనభై మూడోవాణ్ణి. మంచిరోజైతే డెబ్బై ఆరు."
నవ్వి, కాగితం మడిచి, పేరు వెనక్కి తీసుకున్నాడు.
అంతే. ఆకలేస్తోందని వెళ్ళిపోయాడు.

మమదు సార్ ఎత్తు ఏడడుగులని పుస్తకంలో రాశారు.
షికాగోలో బూట్లు విప్పించి కొలిచారు.
అంగుళంన్నర ఎక్కడో జారిపోయింది.
"డాకర్‌లో మా అమ్మ బట్ట కొలిస్తే
ఎప్పుడూ జానెడు ఎక్కువే ఇస్తుంది, మిస్ డోటీ.
ఇక్కడ నన్నే కత్తిరించారు."
పేరు ఉంచేశాడు. ఇక్కడ కాకపోతే గ్రీస్, లేదా లిథువేనియా,
బంతి గుండ్రంగా ఉన్న ఏ దేశమైనా.
వాడి గురించి నాకు బెంగ లేదు.

బెంగంతా ట్రెవాన్ మాబ్రీ గురించే.
కుడికాలు.
ఫిబ్రవరిలో రీబౌండ్‌కి ఎగిరి ఎవరి బూటు మీదో దిగాడు.
ఆ చప్పుడు, జనం అంత గోలలోనూ,
నాకొక్కదానికే వినిపించింది:
ఎండు చిక్కుడుకాయ విరిచినట్టు.
వాపు తగ్గింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. వాడు నొప్పి లేదన్నాడు.
నా బొటనవేలు మాత్రం ఒప్పుకోలేదు.

పోయిన వారం ఒకాయన ఫోన్ చేశాడు,
ఏదో టీమ్ తరఫున, నూనె రాసిన గొంతు.
"కుర్రాడి కాలు ఎలా ఉందమ్మా?"
నేను టేపు చుట్టేదాన్ని, డాక్టర్ని అడగండి, అన్నాను.
అబద్ధం కాదు.
ఆ రాత్రి భోజనం సహించలేదు.

పదీ నలభైకి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.
ఫోన్ బోర్లా పెట్టాడు.
"ముప్పై ఎనిమిదికీ యాభై అయిదుకీ మధ్య అంటున్నారు.
ఒకడు మొదటి ముప్పైలోనే అన్నాడు.
ఇంకొకడు అసలు లేవు పొమ్మన్నాడు."
వాళ్ళమ్మ గ్యారీలో స్కూలు బస్సు నడుపుతుంది,
తెల్లారి నాలుక్కి లేచి.
ఆ మాట వాడు అనలేదు. ఎప్పుడూ అనడు.
సాక్సు విప్పి కాలు చాపాడు.
"ఇవాళ ఆట లేదుగా."
"తెలుసు. చుట్టు."

చుట్టాను.
నాలుగు చుట్లు, తర్వాత మడమ కింద నుంచి ఎనిమిది అంకె.
"మిస్ డోటీ, ఇది ఎన్నాళ్ళు ఆగుతుంది?"
ఇలా అడిగిన పిల్లలకి ఇన్నేళ్ళూ నా దగ్గరొక జవాబుండేది:
నువ్వు ఎన్నాళ్ళు ఆపితే అన్నాళ్ళు.
గోడకి అంటించుకునే మాట.
ఈసారి నోరు తిరగలేదు.
"వచ్చే ఏడాదీ ఇంతే ఉంటుంది. లేదా ఇంకొంచెం చెడుతుంది.
బాగుపడదు."

చాలాసేపు చూశాడు.
ఉండమంటున్నానో వెళ్ళమంటున్నానో
ఆ మాటలో వెతికాడు. నేనూ వెతికాను.
బాగుపడనిదాన్ని దాచుకుని ఏం లాభం?
బాగుపడనిదాన్ని అమ్మడం ఏం న్యాయం?

పైకి వెళ్ళాడు.
కాసేపటికి నా నెత్తిమీద కప్పు దడదడలాడింది.
ఒక్క బంతి, ఒక్కడు.
దిగిన ప్రతిసారీ లెక్కపెట్టాను:
ఎడమ, కుడి. ఎడమ, కుడి.
కుడి మీద వెంట్రుకవాసి ఆలస్యం.
అది తెలిసినవాళ్ళం ఈ లోకంలో ఇద్దరమే.

బోర్లా పడ్డ ఫోన్ అంచున వెలుగు వచ్చి పోతోంది.
పదకొండు యాభై రెండు.
తీసుకెళ్ళి ఇద్దామని లేచాను.
మెట్ల దాకా వెళ్ళాక చూసుకున్నాను,
చేతిలో ఫోన్ లేదు,
టేపు చుట్ట ఉంది.